పడవ సీట్ల కింద చెక్క మళ్లీ కుళ్లింది. ఈసారి ఏ చెక్క వేయాలి, నీళ్లు పట్టకుండా ఏం పూయాలి?

షార్లెట్‌సరంగు
నార్త్ కరోలినాలో లేక్ నార్మన్ మీద తిప్పే పాత పడవ మాది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. వెనక ఒక పొడవాటి బెంచీ, ముందు వీపులు ఆనించుకుని కూర్చునే జంట సీట్లు. వెనక్కి పరిస్తే మనిషి పడుకోవచ్చు. అన్నిటి కిందా ప్లైవుడ్డే. మాకంటే ముందు ఓనరు ఒక షాపులో కొత్త చెక్క వేయించి, కొత్త రెక్సిన్ కుట్టించాడు. బిల్లు మీద మెరైన్ ప్లై అని స్పష్టంగా ఉంది. పైనుంచి చూస్తే సీటు ఇప్పటికీ కొత్తదే. కింద స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే చెక్క ముద్దలా ఊడి వస్తోంది. రెక్సిన్‌ని చెక్కకి బిగించే స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి అంచు వదిలేసింది. ఒక సీటు మీద గులాబీ రంగు మరక, ఎంత తోమినా పోదు.

మెరైన్ ప్లై అయితే ఎందుకు కుళ్లాలి? చెక్క మానేసి ప్లాస్టిక్ షీటు వేయనా? చెక్కే అయితే పైన ఏం పూయాలి? మళ్లీ షాపుకి ఇవ్వను, నేనే చేస్తాను. రంపం, డ్రిల్లు, చెక్క అంచులు తీర్చే రౌటర్ మెషీను ఉన్నాయి.

పాతరేవు
బిల్లు మీద ఎవరైనా ఏమైనా రాస్తారు. చెక్క మీద ముద్ర ఉందా?

షార్లెట్‌సరంగు
ముద్ర కనబడలేదు. కానీ ఒక ముక్క కోసి చూశాను. పొరలు విడిపోలేదు, ఏ పొరకి ఆ పొర మెత్తబడింది.

కాకినాడబల్ల
అయితే జిగురు మంచిదే. ముద్ర లేకపోయినా అది మెరైన్ ప్లై అయ్యుండే అవకాశం ఉంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మెరైన్ ప్లైలో నీటికి లొంగనిది జిగురు. చెక్క మామూలు చెక్కే. ఫినాల్ జిగురు వేస్తారు కాబట్టి పొరలు విడిపోవు, లోపల ఖాళీలు తక్కువ ఉంటాయి, పై పొర శుభ్రంగా ఉంటుంది. అంతవరకే.

మన దగ్గర మెరైన్ ప్లైకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 710. ఆ ముద్ర ఉన్న ప్లైని 72 గంటలు ఉడికించి పరీక్ష చేస్తారు. దానికి పురుగు మందు, బూజు మందు పట్టించాలని కూడా ఆ ప్రమాణంలోనే ఉంది. బయటి దేశాల్లో పేరున్న బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 1088 ప్లైకి ఆ మందు తప్పనిసరి కాదు. అది ఎక్కువగా ఒకుమే అనే తేలిక చెక్కతో వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, బరువుండదు, కానీ కుళ్లుకి తట్టుకునే శక్తి బాగా తక్కువ. అమెరికాలో డగ్లస్ ఫర్ మెరైన్ ప్లై కూడా దొరుకుతుంది, దానికీ మందు పట్టించి ఉండదు. కాబట్టి మీ షాపువాడు మోసం చేశాడని నేను అనను. మంచి ప్లై తెచ్చి, కోసిన అంచులకి ఏమీ పూయకుండా రెక్సిన్ చుట్టి ఉంటాడు. చాలా షాపుల్లో జరిగేది అదే.

ప్లై కోసిన అంచు అంటే గడ్డిమోపు చివర లాంటిది. వెడల్పు ముఖం మీద పడ్డ నీళ్లు జారిపోతాయి, అంచు మాత్రం పీల్చుకుంటుంది. మీ పాత చెక్క చూడండి, కుళ్లు అంచుల దగ్గరా, స్క్రూ బెజ్జాల దగ్గరా మొదలై ఉంటుంది. నడిమధ్య గట్టిగానే ఉంటుంది.

షార్లెట్‌సరంగు
ఇప్పుడే వెళ్లి చూశాను. ముమ్మాటికీ అంతే. కీలు బిగించిన చోట, ముందు అంచు పొడవునా పోయింది. మధ్యలో స్క్రూడ్రైవర్ దిగడం లేదు.

రెక్సిన్‌మాస్టారు
విజయవాడలో సీట్ల పని నాది. కార్లూ బస్సులూ ఎక్కువ, అప్పుడప్పుడు లాంచీలు. ఆ గులాబీ మరక గురించి చెప్తాను. అది పైన అంటిన మరక కాదు. లోపల తడి నిలిచి, స్పాంజిలో సూక్ష్మజీవులు పెరిగి, అవి వదిలే రంగు రెక్సిన్‌లోకి ఎక్కుతుంది. బ్లీచింగ్ పెట్టినా మళ్లీ తేలుతుంది. ఆ సీటుకి చెక్కతో పాటు స్పాంజి కూడా పారేయాల్సిందే. కొత్త చెక్క మీద ఆ పాత స్పాంజి పెట్టకండి.

నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కూడా చూడాలి. సీటు పైనుంచి కుట్టు బెజ్జాల్లోకి దిగుతాయి. పైపింగ్ (అంచు వెంట కుట్టే ఉబ్బెత్తు పట్టీ) వెంట కుట్టు ఉంటే అక్కడే నీరు ఆగుతుంది. కాటన్ దారం అయితే ఎండకీ తడికీ చివికిపోతుంది, బాండెడ్ పాలిస్టర్ దారమే వాడండి.

గోదారిలాంచీ
రాజమండ్రి అండి. పాపికొండలు టూరు లాంచీల మీద పని చేస్తాను. మాకు వరద రోజుల్లో తిరుగుళ్లు ఆపేస్తారు కదా, మరమ్మతులన్నీ అప్పుడే. గాల్లో తడి ఎక్కువ, పూసింది ఆరదు. ఆరే ఎండ ఉన్నప్పుడు లాంచీ ఖాళీ ఉండదు. మా దగ్గరా ఇదే గొడవ. బెంచీల మీద తడి బట్టలతో కూర్చుంటారు, జల్లు కొడుతుంది, కింద పెట్టెల్లో లైఫ్ జాకెట్లు. పైన చెక్క మెత్తబడితే మనిషి బరువుకి దిగబడి, కింద జాకెట్లు తీయడానికి మూత రాదు. కాబట్టి ఇది నాకు కుర్చీ మరమ్మతులా అనిపించదు.

బల్ల గారు చెప్పిన అంచుల మాట నూటికి నూరు పాళ్లు నిజం. మరి ఏం పూయాలో చెప్పండి. మేం ఇప్పటిదాకా ఎనామిల్ పెయింటే వేస్తున్నాం.

జీడిపలాస
మా వైపు చెక్క పడవలకి జీడిపిక్కల నూనె పూస్తారు. పిక్క పైపెంకులోంచి తీసే నల్ల నూనె. పురుగు ముట్టదు, నీళ్లు దిగవు. డబ్బాల్లో దొరుకుతుంది, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పూస్తే గట్టిపడే రెసిన్) ధరలో చిన్న భాగం కూడా ఉండదు. సీటు కింద ఎవరికీ కనబడదు కదా, అది పూస్తే సరిపోదా?

రెక్సిన్‌మాస్టారు
పడవ అడుగుకి సరే. సీటుకి మాత్రం వద్దు తల్లీ. సరిగ్గా ఆరకపోతే నల్లటి జిడ్డు రెక్సిన్‌కి అంటుతుంది, వాసన వదలదు. ఎండకి వేడెక్కిన సీటు మీద పిల్లలు కూర్చుంటారు.

కెమిస్ట్రీసార్
మాస్టారితో ఏకీభవిస్తున్నా. ఆ నూనెలో ఉండే ఫినాల్ జాతి పదార్థాలు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి. పెంకులు కొట్టే ఆడవాళ్ల చేతులు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అదే నూనెనుంచి శుద్ధి చేసిన కార్డనాల్‌తో ఎపాక్సీ హార్డెనర్లు, అంటే రెసిన్‌ని గట్టిపరిచే రెండో ద్రవాలు, తయారవుతున్నాయి. అంటే పలాస సరుకు చుట్టు తిరిగి పడవ చెక్కకే చేరుతోంది.

జీడిపలాస
ఆ చివరి మాట నాకు తెలియదు. సంతోషంగా ఉంది. సరే, సీటుకి వద్దు.

హ్యూస్టన్‌ఉప్పునీరు
ఇంత గొడవ ఎందుకు? గాల్వెస్టన్ బేలో ఉప్పునీళ్ల మీద తిప్పుతాను. చెక్క తీసేసి హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు వేశాను. కుళ్లదు, పూత అక్కర్లేదు, పిన్ను దిగుతుంది. కోయడం, డ్రిల్లు చేయడం చెక్కంత సులువు. జీవితంలో మళ్లీ ఆ సీటు విప్పక్కర్లేదు.

కాకినాడబల్ల
మీ సీటు కింద ఆధారం ఎంత దూరంలో ఉంది? చుట్టూ ఫైబర్ అంచు మీద కూర్చునే చిన్న సీటు అయితే ఒప్పుకుంటా. ఆయనది పొడవాటి బెంచీ.

హ్యూస్టన్‌ఉప్పునీరు
చిన్నవే. అడుగున్నర వెడల్పు.

కెమిస్ట్రీసార్
హెచ్‌డీపీఈ గురించి మూడు సంగతులు. అదే మందంలో ప్లై కంటే అది ఎక్కువ వంగుతుంది, బరువూ ఎక్కువే. దానికి ఏ జిగురూ సరిగ్గా పట్టదు, కాబట్టి స్పాంజి అతికించడం కుదరదు, కవరు బిగువే దాన్ని పట్టుకోవాలి. పైగా వేడికి బాగా సాగుతుంది. మీటరు పొడవుకి 30 డిగ్రీల తేడా వస్తే సుమారు 4-5 మిల్లీమీటర్లు. కీలు స్క్రూలకి కోల బెజ్జాలు పెట్టకపోతే అక్కడ ఒంపు తిరుగుతుంది. చిన్న సీట్లకి ఇవేవీ అడ్డు కావు. పొడవాటి బెంచీకి అవుతాయి.

మన ఊళ్లలో వంటింటి కప్‌బోర్డులకి వాడే పీవీసీ ఫోమ్ బోర్డు కూడా కొందరు సూచిస్తారు. నీళ్లకి అది అద్భుతం. కానీ ముదురు రంగు రెక్సిన్ కింద మధ్యాహ్నపు ఎండకి మెత్తబడి కిందకి జారుతుంది, స్క్రూ పట్టు తక్కువ. మనిషి కూర్చునే చోట వద్దు, వీపు ఆనే చోట పర్వాలేదు.

పాతరేవు
గాజునార కలిపిన ఫోమ్ పలకలు కూడా ఉన్నాయి, పడవలు కట్టేవాళ్లు వాడతారు. తేలిక, గట్టి, కుళ్లదు. ధర వింటే మాత్రం కూర్చోబుద్ధి కాదు.

షార్లెట్‌సరంగు
వాటి ధర చూశాను, సీట్లన్నిటికీ నా వల్ల కాదు. చెక్కే చేస్తాను. ఇంకో సందేహం. ఇక్కడ హార్డ్‌వేర్ స్టోర్లో ప్రెషర్ ట్రీటెడ్ ప్లై అమ్ముతారు, మందు పట్టించినదే. కుళ్లదంటారు. మెరైన్ ప్లైలో సగం ధర. అది తెచ్చుకోనా?

లానియర్‌అక్క
తెచ్చుకోకు తమ్ముడూ. అట్లాంటాలో మా పడవ సీట్లన్నీ నేనే విప్పి కుట్టాను, ఈ సంగతి బాగా చదివాకే మొదలుపెట్టాను. 2003 చివరితో ఇళ్లకి వాడే చెక్కలో ఆర్సెనిక్ మందు ఆగిపోయింది. ఇప్పుడు వచ్చేవాటిలో ఎక్కువ భాగం రాగి మందులే. రాగి, తడి, అల్యూమినియం ఒకచోట చేరితే రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. మీ సీటు ఫ్రేములూ కీళ్లూ అల్యూమినియం అయితే పోయినట్టే. మామూలు ఇనుప పిన్నులకీ అదే గతి. పైగా స్టోర్లో కొన్నప్పుడు అది తడిగా ఉంటుంది. నెమ్మదిగా ఆరుతూ మెలి తిరుగుతుంది, తడి మీద ఎపాక్సీ పట్టదు.

ఇంకో మాట. పాత చెక్క ఎంత కుళ్లినా పారేయకండి, అదే మీకు నమూనా. విప్పేముందు ప్రతి మూలా ఫోటో తీసుకోండి. చెక్క మీద ముందు, వెనక, పైవైపు అని మార్కర్‌తో రాయండి. ముక్కలైపోతే ముక్కలన్నీ అట్ట మీద పేర్చి గీసుకోండి. అంచు రాలిపోయిన చోట రెక్సిన్ మడత గీత ఉంటుంది, అసలు కొలత అదే చెబుతుంది. కొత్త రెక్సిన్ పాతదానికంటే మందంగా ఉంటే చెక్కని ఆ మేరకు చుట్టూ తగ్గించుకోవాలి. లేకపోతే సీటు దాని గూట్లో ఇరుక్కుంటుంది.

షార్లెట్‌సరంగు
ఫ్రేములు అల్యూమినియమే అక్కా. ఆ ఆలోచన మానేశాను.

కాకినాడబల్ల
ఇక పూత సంగతి. కూర్చునే వాటికి 12 మిల్లీమీటర్ల ప్లై, వీపుకి 9 చాలు. పొడవాటి బెంచీకి కింద అడ్డపట్టీ లేకపోతే 18 వేయండి. నేను చేసే వరస చెప్తాను.

ముందు కోత అంతా పూర్తి చేయాలి. గాలి బెజ్జాలు, కీలు బెజ్జాలు, టీ-నట్టు (చెక్కలో దిగగొట్టే నట్టు) బెజ్జాలు, అన్నీ. పూత వేశాక కొత్త బెజ్జం పెడితే అక్కడ పచ్చి చెక్క బయటపడుతుంది. పై అంచూ కింద అంచూ రౌటర్‌తో 3 నుంచి 5 మిల్లీమీటర్లు గుండ్రం తిప్పాలి. పదును మూల మీద ఏ పూతా నిలవదు, పల్చబడిపోతుంది. అదే మూల రెక్సిన్‌ని కూడా కోస్తుంది.

స్క్రూ బిగించే ప్రతి బెజ్జాన్నీ కావలసినదానికంటే పెద్దగా తొలవాలి. అందులో చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో స్క్రూ సైజు బెజ్జం పెట్టాలి. అప్పుడు స్క్రూ చుట్టూ ఉండేది ఎపాక్సీ, చెక్క కాదు. కీలు దగ్గర కుళ్లకుండా ఉండటానికి ఇంతకంటే గట్టి ఉపాయం నాకు తెలియదు. ఈ ఒక్క పని చేసి మిగతావి వదిలేసినా చెక్క ఆయుష్షు చాలా పెరుగుతుంది.

తర్వాత పూత. మొదటిది పల్చగా, అంచులకి మాత్రం పదే పదే. అంచు తాగుతూనే ఉంటుంది. మెరుపు నిలిచేదాకా పోస్తూ ఉండాలి. మొదటిది జిగటగా ఉన్నప్పుడే రెండోది వేస్తే మధ్యలో గీకే పని ఉండదు. అంచులకి మూడోది కూడా. రెండు వైపులా సమానంగా వేయండి, ఒక వైపే వేస్తే పలక వంగుతుంది.

గోదారిలాంచీ
మా ఎండలో కప్పులో కలిపిన ఎపాక్సీ పూసేలోపే గట్టిపడి పొగలు కక్కుతుందండి. ఒకసారి చూసి మా కుర్రాళ్లు దాని జోలికే పోవడం లేదు.

కెమిస్ట్రీసార్
అది కప్పులో ఉంచడం వల్ల. కలిసినప్పుడు పుట్టే వేడి బయటికి పోక, ఆ వేడికే ఇంకా తొందరగా గట్టిపడుతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోసుకోండి, చాలా సమయం దొరుకుతుంది. నెమ్మది హార్డెనర్ అడగండి. పూసేది సాయంత్రం ఎండ తగ్గుతున్నప్పుడు. పొద్దున పూస్తే చెక్క వేడెక్కేకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేస్తాయి. సాయంత్రం చెక్క చల్లబడుతుంటే అదే గాలి కుంచించుకుని ఎపాక్సీని లోపలికి లాగుతుంది.

గట్టిపడ్డాక పైన మైనంలాంటి జిడ్డు తేలితే నీళ్లతో తోమి కడిగి, ఆ తర్వాతే గరుకు కాగితం పట్టండి. చేతులకి నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ఒంటికి అంటితే థిన్నర్‌తో తుడవద్దు, అది చర్మం లోపలికి ఇంకా దించుతుంది. సబ్బు నీళ్లు చాలు. ఒకసారి అలర్జీ వస్తే జీవితాంతం ఎపాక్సీ దగ్గరికి పోలేరు.

పాతరేవు
పాలిస్టర్ రెసిన్ చవక కదా, అది?

కాకినాడబల్ల
చెక్కకి దాని పట్టు బలహీనం. కొన్నాళ్లకి పెచ్చులా లేచి, ఆ సందులో నీళ్లు నిలుస్తాయి. డబ్బు తక్కువైతే ఎపాక్సీ అంచులకీ బెజ్జాలకీ వాడి, ముఖాలకి ఆయిల్ ప్రైమర్, పైన మంచి ఎనామిల్ వేయండి. లాంచీ గారి బెంచీలకి అది చాలు అనుకుంటా.

హ్యూస్టన్‌ఉప్పునీరు
ఇంత పూసి చివరికి వందల పిన్నులు కొడతారు. ప్రతి పిన్నూ పూతకి రెండు బెజ్జాలు. ఇక పూసి ఏం లాభం? దీనికి సమాధానం చెప్పండి.

లానియర్‌అక్క
సరైన ప్రశ్న. అందుకే నేను ఎపాక్సీకి ముందు ఆరిన చెక్కకి బోరేట్ (బోరాన్ ఉప్పు) ద్రావణం పట్టించాను. బోరేట్ బూజుని పెరగనివ్వదు. నీళ్లలో కరిగిపోయే గుణం ఉంది కాబట్టి ఒంటరిగా అది నిలవదు, పైన ఎపాక్సీ ఉంటే లోపలే ఉంటుంది. పిన్ను బెజ్జంలోంచి కొద్ది తడి దిగినా అక్కడ మందు ఉంటుంది. బోరేట్ పట్టించాక చెక్క పూర్తిగా ఆరాలి, తొందరపడకూడదు. పైన తెల్లటి పొడి తేలితే తుడిచేసి అప్పుడు పూయాలి.

కెమిస్ట్రీసార్
అక్క చెప్పింది కరెక్ట్. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్లు తెచ్చే బూజు పెరగదు. పిన్ను బెజ్జంలోంచి వచ్చే చుక్క సమస్య కాదు, వచ్చిన చుక్క బయటికి పోలేకపోవడం సమస్య.

రెక్సిన్‌మాస్టారు
ఇక్కడ నాకు మీ అందరితో కొంచెం తగాదా ఉంది. నేను స్పాంజికి మొత్తం పాలిథిన్ చుట్టి ఇస్తాను. కుట్టులోంచి దిగిన నీళ్లు స్పాంజికి తగలవు. కస్టమర్లు ఎవరూ వెనక్కి తేలేదు.

కాకినాడబల్ల
కారు సీటుకి మొత్తం చుట్టండి, ఎవరూ కాదనరు. పడవలో ఎక్కడో ఒకచోట పాలిథిన్ చిరుగుతుంది, అక్కడినుంచి లోపలికి వెళ్లిన నీరు ఇక రాదు.

రెక్సిన్‌మాస్టారు
మరి వట్టి స్పాంజి పెడితే తడవదా?

లానియర్‌అక్క
మధ్యేమార్గం ఉంది మాస్టారూ. పాలిథిన్ పైనా పక్కలా మాత్రమే, అడుగు తెరిచి ఉంచాలి. చెక్కకి అంగుళం వ్యాసంతో అక్కడక్కడా బెజ్జాలు, వాటి లోపలి గోడలకి కూడా ఎపాక్సీ. కింద రెక్సిన్ గుడ్డ బదులు వల గుడ్డ కొట్టండి. కూర్చున్నప్పుడు లోపలి గాలి ఆ బెజ్జాల్లోంచి పోతుంది, లేకపోతే ఆ గాలి కుట్ల మీద ఒత్తిడి పెట్టి వాటిని విప్పుతుంది. లేచినప్పుడు కొత్త గాలి వస్తుంది, లోపల ఆరుతుంది. డబ్బు పెట్టగలిగితే నీళ్లు నిలవని పెద్ద రంధ్రాల ఫోమ్ దొరుకుతుంది, దానికి పాలిథిన్ అవసరమే లేదు.

రెక్సిన్‌మాస్టారు
అడుగు తెరిచి ఉంచడం బాగుంది. కుట్లు విప్పుకోవడానికి గాలి కారణమని నాకూ అనుభవమే, బస్సు సీట్లలో చూశాను. ఈసారి లాంచీ సీట్లు వస్తే అలాగే చేస్తాను.

షార్లెట్‌సరంగు
అందరూ చెప్పింది రాసుకున్నాను. 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై, బెంచీకి 18, బోరేట్, ఎపాక్సీ, కింద వల గుడ్డ. గులాబీ మరక సీటుకి స్పాంజి కొత్తది. పడవ కవరు కింద సీట్లు ఎలా ఉంచాలి? వర్షాకాలం లేకపోయినా ఇక్కడ వేసవిలో ఉక్క ఎక్కువే.

లానియర్‌అక్క
కవరు కప్పేముందు సీట్లు గూట్లోంచి తీసి నిలువుగా ఆనించు, కింద గాలి ఆడాలి. కవరుకి గాలి కిటికీలు ఉన్నాయేమో చూడు. లేకపోతే నడుమ కర్ర నిలబెట్టి గుడారంలా ఎత్తు, నీళ్లు నిలవవు.

గోదారిలాంచీ
మాస్టారూ, పిన్నుల సైజు ఎవరూ చెప్పలేదండి. మా బెంచీలు 18 మిల్లీమీటర్లవి. మార్కెట్లో స్టీలు పిన్నులు అని ఇస్తారు, ఆర్నెల్లకే ఎర్రబడతాయి. మాగ్నెట్ పెట్టి చూసి కొనమంటారా?

రెక్సిన్‌మాస్టారు
మాగ్నెట్ గట్టిగా పట్టేస్తే వద్దని తేలిపోతుంది. కొద్దిగా లాగితే మాత్రం పారేయకండి. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు వంచిన చోట కాస్త అంటుకుంటుంది, అది తప్పు కాదు. గోదావరి మంచినీళ్లకి 304 చాలు. సముద్రం దగ్గర తిరిగే పడవలకి 316 తీసుకోవాలి. పెట్టె మీద ఆ అంకె లేకపోతే కొనకండి.

పొడవు 10 మిల్లీమీటర్లు సరిపోతుంది. రెక్సిన్ రెండు మడతలు పడే మూలల్లో 12. గర్జన్ అనే గట్టి చెక్కతో చేసిన ప్లై అయితే, పైన ఎపాక్సీ కూడా ఉంటే చేతి గన్నుతో పిన్ను సగమే దిగి వంగుతుంది. ఎయిర్ గన్ను అద్దెకి తెచ్చుకోండి. తుక్కు ముక్క మీద ప్రెషర్ సరిచూసుకోండి. పిన్ను వీపు రెక్సిన్‌ని తాకి ఆగాలి. లోపలికి దిగితే కోస్తుంది, పైకి తేలితే పట్టు ఉండదు.